చైనీస్ పెళ్ళిలో 116 డాలర్లు చదివించొచ్చా?

గోదారి_గట్టు (సింగపూర్):

అందరికీ నమస్కారం. కొంచెం అర్జెంటు. శనివారం లోపు ఎవరైనా చెప్తే పుణ్యం ఉంటుంది.

మా టీమ్‌లో కుర్రాడి పెళ్ళి. చైనీస్ కుర్రాడు, ఇక్కడే పుట్టి పెరిగాడు. నాలుగేళ్ళుగా పక్కపక్క సీట్లు మావి, మధ్యాహ్నం భోజనం కూడా కలిసే చేస్తాం. ఆ చనువుతో నన్ను ఉత్త అతిథిగా పిలవకుండా పెళ్ళికొడుకు పక్కనుండే 'బ్రదర్స్' బృందంలో కలిపేశాడు. ఉదయం ఆరున్నరకల్లా వాళ్ళింట్లో ఉండాలట. అక్కణ్ణుంచి కార్లలో తోవా పాయోలో ఉన్న పెళ్ళికూతురి ఫ్లాట్‌కి. గుమ్మం దగ్గర ఆ అమ్మాయి స్నేహితురాళ్ళు అడ్డం నిలబడతారట. "ఏం పెట్టినా తినాలి, ఏం చెయ్యమన్నా చెయ్యాలి, డబ్బు దగ్గర బేరం మాత్రం నువ్వే ఆడాలి, మీవాళ్ళు బాగా ఆడతారుగా" అన్నాడు. మా ఊళ్ళో తోడు పెళ్ళికొడుకంటే ఐదేళ్ళ పిల్లాడు, తలంబ్రాలప్పటికి నిద్రపోయి ఉంటాడు. నాకు ముప్ఫై ఏడు.

ముందు డబ్బు సంగతి. 116 డాలర్లు చదివిద్దామనుకున్నాను. రూపాయి బిళ్ళ అంటించిన కవర్లు మా ఆవిడ రాజమండ్రి నుంచి ఓ పాతిక తెచ్చుకుంది, అందులో పెడదామంటోంది. తర్వాత గిఫ్టు. ముస్తఫాలో గోడ గడియారం కొనేశాం. బంగారు రంగు అంచు, గంటగంటకీ సంగీతం. మా పెళ్ళికి ఇలాంటివి పదకొండు వచ్చాయి కాబట్టి ఇందులో తప్పు పట్టేదేం ఉండదనే ధైర్యం. ఇక చీర. ఎర్ర అంచున్న మీగడ రంగు ఉప్పాడ పట్టు కడతానంటోంది.

శుభలేఖ మీద రెండు నిచ్చెనలు పక్కపక్కన నిలబెట్టినట్టు ఒకటే అక్షరం ఉంది. టీలో ఏవో పళ్ళూ గింజలూ వేసి పెద్దవాళ్ళకి ఇస్తారట. ఎందుకురా అని అడిగితే మావాడు "మా అమ్మనడుగు" అంటాడు. వాళ్ళమ్మకి ఇంగ్లీషు రాదు, నాకు చైనీస్ రాదు. చెప్పింది చేసేస్తాను గానీ, ఎందుకు చేస్తున్నానో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. తెలిసినవాళ్ళు కాస్త విడమరచి చెప్పండి.

చిట్టి_గారె:

కవర్లో డబ్బులు పెట్టి ఇచ్చేయండి, అంతగా ఆలోచించకండి. తిండి విషయంలో ఒక మాట. ఎనిమిదో తొమ్మిదో ఐటమ్స్ ఉంటాయి, ఒకటి అయ్యాకే ఇంకోటి తెస్తారు. మొదటి రెండింటికే కడుపు నింపుకోవద్దు. నేను నింపుకున్నాను.

పెనాంగు_కోడలు:

తమ్ముడూ, ముందు ఆ గడియారాన్ని బీరువాలో పెట్టు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నాది తెనాలి. 2014లో మలేషియాలోని పెనాంగ్‌లో, హొక్కియెన్ అనే చైనీస్ యాస మాట్లాడే వాళ్ళింటికి కోడలిగా వచ్చాను. అప్పట్నుంచీ మా అత్తగారి పక్కన నిలబడి ఓ ఇరవై పెళ్ళిళ్ళు చూసుంటాను. చెయ్యాల్సిన తప్పులన్నీ మొదటిదాంట్లోనే చేసేశాను. అది నా పెళ్ళే.

చైనీస్‌లో గడియారం 'జోంగ్'. గడియారం బహుమతిగా ఇవ్వడం 'సోంగ్ జోంగ్'. అచ్చం ఇదే పలుకుతో ఇంకో మాటుంది. చివరి గడియల్లో ఉన్న పెద్దవాళ్ళ పక్కనుండి సాగనంపడం అని దానర్థం. నువ్వు పెళ్ళి విందులో నవ్వుతూ గోడ గడియారం చేతిలో పెడితే వాళ్ళ చెవికి ఎలా ఉంటుందో ఊహించుకో. తమాషా ఏంటంటే, మా ఇంట్లో మాట్లాడే హొక్కియెన్‌లో ఆ రెండు మాటలూ ఒకేలా పలకవు. అయినా మా అత్తగారు గడియారం పుచ్చుకోరు. గొడుగూ అంతే. 'సాన్' అంటే గొడుగు, విడిపోవడం అన్న మాటా దాదాపు అలాగే ఉంటుంది. మరి పెళ్ళికూతురు గడప దాటేటప్పుడు నెత్తిన ఎర్ర గొడుగు పడతారే అంటావా? అది దిష్టి తగలకుండా. ఇస్తే తప్పు, పడితే శుభం. నన్నడక్కు.

వాళ్ళ శుభాశుభాలు సగానికి పైగా చెవిలోనే ఉన్నాయి. వస్తువు పేరు పైకి పలుకుతారు, ఆ పలుకులో ఇంకేం వినపడుతుందో చూసుకుంటారు. మాండరిన్‌లో, అంటే చైనావాళ్ళ అధికార భాషలో, గొంతు ఎత్తి దించి పలికే స్వరాల తేడా తీసేస్తే మొత్తం పలుకులు నాలుగు వందల పైచిలుకే. అన్ని వేల మాటలూ ఆ కాసిని పలుకుల్లోనే సర్దుకోవాలి కదా, అందుకని ఏ మాట కదిపినా పక్కన ఇంకోటి కదులుతుంది. ఇది పట్టుకుంటే నీ అనుమానాలు సగం తీరిపోతాయి.

టీలో వేసేవి చూడు. ఎర్ర ఖర్జూరం అంటారు గానీ అది ఖర్జూరం కాదు, మన రేగు జాతి పండే, ఎండబెట్టింది. మా అమ్మ నోట్లో వేసుకుని "ఇది రేగొడియంలా ఉందే" అంది. దాని పేరు 'జావ్', అదే పలుక్కి 'త్వరగా' అనే అర్థమూ ఉంది. వేరుశనక్కాయ 'హువాషెంగ్', 'షెంగ్' అంటే పుట్టడం. లాంగన్ అనే పండు ఎండితే అచ్చం కుంకుడుకాయలా ఉంటుంది, చెట్టు కూడా కుంకుడు కుటుంబానిదే. దాన్ని 'గుయ్‌యువాన్' అంటారు, 'గుయ్' అంటే గొప్ప. తామర గింజ 'లియెన్‌జి', 'జి' అంటే కొడుకు. నాలుగూ వరసగా చదువు: జావ్ షెంగ్ గుయ్ జి. త్వరగా గొప్ప కొడుకు పుట్టాలి! అక్షింతలు వేసి దీవించినట్టే, కాకపోతే ఈ దీవెనని చెంచాతో తినొచ్చు. టీలోనే కాదు, కొత్త దంపతుల మంచం మీద కూడా ఇవే చల్లుతారు. మొదట చిన్నపిల్లల్ని ఎక్కించి దొర్లిస్తారు. మా మంచం మీద దొర్లిన బుడ్డోడు ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. నాకు ఇద్దరూ ఆడపిల్లలే. "కొడుకు అని మొక్కుకున్నారుగా, మరి?" అని ఓసారి మా అత్తగార్ని ఏడిపించాను. "పాత పుస్తకాల్లో 'జి' అంటే బిడ్డ అనే" అని ఆవిడ ఠక్కున దిద్దారు. ఆ మాట నిజమే. కాకపోతే మనవరాలు పుట్టాకే గుర్తొచ్చింది.

అసలు టీయే ఎందుకంటే, తేయాకు మొక్కని పీకి ఇంకోచోట నాటితే బతకదని, గింజ వేసి మొలిపించాల్సిందేనని పూర్వం నమ్మేవాళ్ళు. మింగ్ రాజుల కాలంలో టీ గురించి రాసినవాళ్ళు ఈ మాట రాసి పెట్టారు. ఒకచోట పాతుకుంటే ఇక కదలదు, పెళ్ళికూతురూ అలాగే ఉండాలని. ఇప్పుడు నర్సరీల్లో కొమ్మ కత్తిరించి బతికిస్తున్నారు, ఆ సంగతి పెళ్ళిలో ఎవరూ ఎత్తరు.

టీ ఇచ్చేటప్పుడు చూడాల్సింది వరస. పెద్దవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు తర్వాత, ఒక్కొక్కళ్ళనీ వరస పెట్టి పిలిచి, రెండు చేతులతో కప్పు అందించాలి. వాళ్ళు ఓ గుక్క తాగి ఎర్ర కవరో, బంగారమో ఇస్తారు. ఆ పిలుపుతోనే నువ్వు ఆ ఇంటిదానివి. ఇంగ్లీషువాళ్ళ 'అంకుల్' ఇక్కడ పనికిరాదు. తండ్రి అన్న 'పెక్', తండ్రి తమ్ముడు 'చెక్', మేనమామ 'కూ', మేనత్త 'కో', పిన్ని 'ఈ'. పెళ్ళికి ముందు వారం రోజులు మా ఆయన ఇవి నాకు నేర్పబోతే పావుగంటలో వచ్చేశాయి. పెదనాన్న, బాబాయ్, మావయ్య, అత్తయ్య, పిన్ని, అంతేగా! వాళ్ళ ఆఫీసులో ఆస్ట్రేలియా ఆవిడ మూడేళ్ళయినా తడబడుతోందట.

నేను బోల్తా పడింది వేరేచోట. అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ప్రేమగా, మన అలవాటు కొద్దీ "అమ్మా" అన్నాను. గది గదంతా ఒక్కసారి నవ్వింది. హొక్కియెన్‌లో 'అ-మా' అంటే నాయనమ్మ. ఆవిడకప్పుడు యాభై మూడేళ్ళు, పొద్దున్నే సెలూన్‌కి వెళ్ళి జుట్టు చేయించుకుని మరీ వచ్చారు.

అంతకన్నా ఘోరం మా నాన్నది. టీ తాగి, జేబులోంచి తెల్ల కవర్ తీసి అల్లుడి చేతిలో పెట్టాడు. అందులో 501 రింగిట్లు. తెల్ల కవరూ, బేసి అంకే చావింట్లో ఇచ్చేవి. పెళ్ళిలో అన్నీ జంటలుగా ఉండాలి, మంచి ఎప్పుడూ జతగా వస్తుందని సామెతే ఉంది. నవ్వులు ఆగిపోయాయి. మా ఆయన పెద్దమ్మ ఒకావిడ కళ్ళు దించేసుకుంది. మా అత్తగారు మాత్రం ఏమీ జరగనట్టు ఆ కవర్‌ని టీ ట్రే కిందికి జరిపి, తన బ్యాగులోంచి ఎర్ర కవర్ తీసి, నోట్లు అందులోకి మార్చి, పైన తన రింగిట్ ఒకటి పెట్టి మూసేశారు. 502. అరనిమిషం కూడా పట్టలేదు. మా నాన్నకి ఇప్పటికీ ఈ సంగతి తెలీదు. ఆ పైన ఒకటి ఎందుకు పెడతామో నేను రాత్రి ఆవిడకి చెప్పాను. గుండ్రంగా ముగిసిపోకుండా, ఇంకా పెరగాలని ఆ ఒక్క రూపాయి అని. "మంచి ఆలోచనే, కానీ మా లెక్కలో ఆ ఒక్కడు ఒంటరివాడు" అన్నారు.

కాబట్టి 116 సరిసంఖ్యే గానీ ఆ అంటించిన రూపాయితో కలిపి 117 అవుతుంది, ఆ కవర్ వద్దు. రెండు ఆనందాల అక్షరం ఉన్న ఎర్ర కవర్లు అమ్ముతారు, అవి కొనుక్కో. నీ శుభలేఖ మీద రెండు నిచ్చెనలు అవే. 'షీ' అంటే సంతోషం, రెండు పక్కపక్కన పెడితే జంట సంతోషం. సింగపూర్‌లో హోటల్‌ని బట్టి 128, 168, 188 ఇలా 8తో ముగిసేలా పెడతారు. 8 పలుకు 'ధనం పెరగడం' అన్న మాటకి దగ్గర, కాంటనీస్ యాసలో మరీ దగ్గర. 9 పలుకులో 'చిరకాలం' ఉంది. 4 మాత్రం వద్దు, అది చావు. కవర్ వెనక నీ పేరు రాయి. బల్ల దగ్గర ఎవరో కజిన్ కూర్చుని పుస్తకంలో ఎక్కిస్తాడు. మన చదివింపులే, మైకు ఒక్కటే తక్కువ.

చీర మార్చమను. మీగడ రంగు దూరానికి తెలుపే, తెలుపు వాళ్ళకి మైలబట్ట. నిలువెల్లా ఎరుపూ వద్దు, అది పెళ్ళికూతురిది. మామిడిపండు రంగు పట్టుంటే కట్టుకోమను. నువ్వేం వేసుకున్నా పర్లేదు గానీ ఆకుపచ్చ టోపీ మాత్రం పెట్టుకోకు. పెళ్ళాం ఇంకొకడితో తిరుగుతోందని అర్థం.

గుమ్మం దగ్గర పెట్టేవి నాలుగు రుచులు. పులుపు, తీపి, చేదు, కారం, కాపరంలో వచ్చేవన్నీ ముందే రుచి చూపిస్తారు. మన ఆడపడుచులు తలుపుకి అడ్డం నిలబడి పేర్లు చెప్పించుకునే వేడుక లాంటిదే, కాకపోతే ఇక్కడ అమ్మాయి తరఫు వాళ్ళు నిలబడతారు.

నువ్వు చూడలేనిది ఒకటుంది, ముందు రాత్రే అయిపోతుంది. తల దువ్వడం. భర్తా పిల్లలూ చల్లగా ఉన్న ఆవిడనే పిలుస్తారు, మన ముత్తైదువే అనుకో. ఒక్కో దువ్వెన పోటుకీ ఒక్కో దీవెన. మొదటిది చివరిదాకా కలిసి ఉండాలని, తర్వాతవి నూరేళ్ళ పొందికకి, ఇంటినిండా పిల్లలకి, ఇద్దరి తలలూ కలిసి నెరవడానికి. పెనాంగ్‌లో బాబా-న్యోన్య (మలయ్ ఆచారాలు కలుపుకున్న చైనీస్ సంతతి) పాత కుటుంబాల్లో అయితే పెద్ద వెదురు పళ్ళెంలో బియ్యం కొలిచే కుంచాన్ని బోర్లించి, దాని మీద కూర్చోబెట్టి చేసేవాళ్ళు. మా అమ్మ అది విని "మన గంప లాంటిదేగా" అని తేలిగ్గా తీసుకుంది. నా తల దువ్వింది మా అత్తగారి చెల్లెలు. నా జుట్టు అప్పుడు నడుము దాటేది. చివరిదాకా ఒక్క పోటులో రావాలి, మధ్యలో ఆగకూడదు. చిక్కుపడింది. ఆవిడ దీవెనని అక్కడే సాగదీసి, సాగదీసి, చిక్కు వీడేదాకా పాడుతూనే ఉంది.

హేతువాది_72:

రెండు మాటలు ఒకేలా వినపడితే ప్రాణాలు పోతాయా? ఇంత చదువుకుని, విదేశాల్లో ఉండి, ఇంకా ఈ మూఢనమ్మకాలకి ప్రచారం ఏంటమ్మా? గడియారం ఉపయోగపడే వస్తువు. ఇవ్వండి సార్.

పెనాంగు_కోడలు:

అన్నగారూ, ప్రాణం పోతుందని నేనెక్కడ అన్నాను? మనసు నొచ్చుకుంటుంది అన్నాను.

మీ ఇంట్లో డబ్బా అడుగంటితే "బియ్యం అయిపోయాయి" అంటారా, "నిండుకున్నాయి" అంటారా? ఖాళీ అయినదాన్ని నిండుకుంది అనే జాతి మనది. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. ఎవరింట్లోంచీ వెళ్ళిపోం, వెళ్ళొస్తాం. మా తాత కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచం "ఒకటి" అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని. ఆయన జన్మలో గుడి మెట్లెక్కలేదు, తద్దినాలు పెట్టలేదు. ఏడు మాత్రం అనలేదు. చైనావాళ్ళు నాలుగు దగ్గర అలా ఆగుతారు, అంతే తేడా.

జీనాన్_డాక్టర్:

అక్క చెప్పింది చైనా దక్షిణాది పద్ధతి, హొక్కియెన్, కాంటనీస్ వాళ్ళు సముద్రం దాటి తెచ్చుకున్నది. నేను చైనా ఉత్తరాన షాన్‌డోంగ్ రాష్ట్రంలో జీనాన్‌లో ఎంబీబీఎస్ చదివాను, ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. నాలుగో సంవత్సరంలో మా క్లాస్‌మేట్ వాళ్ళ అక్క పెళ్ళికి వాళ్ళ పల్లెకి తీసుకెళ్ళాడు. అక్కడ మంచం మీద రేగుపళ్ళతో పాటు వేరుశనగలు తొక్కతో సహా చల్లారు. రాత్రి ఎలా పడుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

టీ అక్కడా ఉంది గానీ అర్థం ఇంకొంచెం సూటిగా ఉంది. 'పిలుపు మార్చే టీ' అంటారు. అప్పటిదాకా ఆంటీ, అంకుల్ అని పిలిచిన అమ్మాయి కప్పు అందిస్తూ మొదటిసారి అమ్మా, నాన్నా అంటుంది. ఆ మాట వినగానే ఎర్ర కవర్ చేతిలో పడుతుంది. పిలుపు మార్చిన ఖర్చు అని దానికి పేరే ఉంది. మనకి ఈ గొడవ లేదు, మేనమామనీ మావయ్యే అంటాం, పిల్లనిచ్చిన మామనీ మావయ్యే అంటాం.

బేసి అంకె గురించి ఒక చిన్న సవరణ. ఒకచోట ఆ ఒంటి 'ఒకటి' వాళ్ళకీ ముద్దే. అబ్బాయి తరఫువాళ్ళు అమ్మాయికి 10,001 యువాన్లు ఇస్తారు చాలా ఇళ్ళలో. పదివేల మందిలో ఏరి తెచ్చుకున్న ఒక్కతి అని అర్థం. నాకది విన్నప్పుడు మన 1,116 గుర్తొచ్చింది.

డబ్బు అక్కడ అబ్బాయి వైపు నుంచి అమ్మాయి వైపు వెళ్తుంది, కన్యాశుల్కం అనుకోండి. మావాడు చెప్పిన కొలత ఒకటి ఎప్పటికీ మర్చిపోలేను: 'పదివేల ఊదా, వెయ్యి ఎరుపు, కాస్త పచ్చదనం'. కవిత్వం అనుకున్నాను. ఐదు యువాన్ల నోటు ఊదా రంగు, వంద నోటు ఎరుపు, యాభై నోటు ఆకుపచ్చ. లెక్కేస్తే లక్షా యాభై వేలు, ఆ పచ్చదనం పైన ఎంతైనా. ఆ పెళ్ళికొడుకు తండ్రి మొక్కజొన్న రైతు. నాకు ఆరోజు తిండి సరిగ్గా దిగలేదు. మన దగ్గర కట్నాల చట్టం 1961లోనే వచ్చింది, ఎంత అమలవుతోందో మనకి తెలుసు కాబట్టి వాళ్ళని అనడానికి నాకు నోరు రాదు. పెళ్ళి పెటాకులైతే ఆ సొమ్ము ఎవరిదనే దాని మీద వాళ్ళ సుప్రీం కోర్టు నియమాలు 2024 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

ముహూర్తాల పిచ్చి కూడా మనంత ఉంది. వాళ్ళ ఏడో నెల ప్రేతాల నెల, పెళ్ళిళ్ళు చెయ్యరు, మన ఆషాఢం అనుకోండి. వాళ్ళ చాంద్రమాన సంవత్సరంలో వసంతం మొదలయ్యే రోజు పడకపోతే అది 'విధవ సంవత్సరం'. 2024 ఫిబ్రవరిలో మొదలైన సంవత్సరం అలాంటిదే. ఆ ఏడాది చైనాలో రిజిస్టరైన పెళ్ళిళ్ళు సుమారు 61 లక్షలు, అంతకు ముందు ఏడాది దాదాపు 77 లక్షలు. అంతా దీనివల్లే అని అనను, జీతాలూ ఇళ్ళ ధరలూ పెద్ద కారణం. కానీ ముసలాళ్ళు "వచ్చే ఏడు చూద్దాం" అన్న ఇళ్ళు తక్కువేం ఉండవు. ఆ తర్వాతి సంవత్సరంలో వసంతారంభం రెండుసార్లు పడింది, పైగా అధిక మాసం. మనం అధిక మాసంలో పెళ్ళి చెయ్యం, వాళ్ళు ఎగబడ్డారు.

గోదారి_గట్టు (సింగపూర్):

అక్కకి, డాక్టర్ గారికి శతకోటి. పెళ్ళి అయింది, పరువు దక్కింది. వివరంగా రాస్తానని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

గుమ్మం దగ్గర ఇనుప గ్రిల్ తలుపు, అవతల ఆరుగురు అమ్మాయిలు. పులుపుకి నిమ్మ చెక్కలు, తీపికి తేనె, కారానికి వసాబి రాసిన బ్రెడ్డు, చేదుకి పచ్చి కాకరకాయ ముక్కలు. మావాళ్ళు కాకరకాయ చూసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నేను పళ్ళెం తీసుకుని మొత్తం తినేశాను. మా అమ్మ కాకరకాయని చేదు పిండకుండా వండేది, ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. వసాబి దగ్గర మాత్రం ముక్కులోంచి పొగలొచ్చి కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఇండియావాడికి కారం ఒక లెక్కా అని అందరూ నా వైపే తోశారు మరి.

తర్వాత బేరం. 8,888 డాలర్లతో మొదలెట్టారు. నేను 88 అన్నాను. అక్కణ్ణుంచి అరగంట. 388 దగ్గర నేను ఆగిపోయాను, వాళ్ళు దిగట్లేదు. చివరికి విసిగి 488 అన్నాను, ఒప్పేసుకుంటారనుకున్నాను. ముందు నిలబడ్డ అమ్మాయి "అందులో 4 ఉంది, కుదరదు" అని మొహం సీరియస్‌గా పెట్టి 588 చేసింది. మావాడు వెనకనుంచి ఒకటే గోల, ముహూర్తం దాటిపోతోందని ఇచ్చేశాడు. ఇంతకాలం మోండా మార్కెట్‌లో బేరాలాడాను గానీ, అంకె అశుభం అని చెప్పి రేటు పెంచినవాళ్ళని చూళ్ళేదు.

టీ దగ్గర నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. మొదట పెళ్ళికొడుకు నాయనమ్మ. తొంభై దాటాయి, చక్రాల కుర్చీ. కప్పు మూతి దాకా వచ్చేసరికి చెయ్యి వణికి సాసర్ టకటకలాడుతోంది. పెళ్ళికూతురు కింద నుంచి రెండు చేతులూ పట్టి అలాగే ఉంది, తాగించలేదు, తీసుకోలేదు, ఊరికే పట్టుకుంది. ముసలావిడ ఓ గుక్క తాగి, ఒడిలో టిష్యూ కాగితంలో చుట్టి పెట్టుకున్న బంగారు గాజు తీసింది. పాతకాలపుది, సీల వేసే రకం. ఆ సీల పట్టలేదు. కొడుకు వంగాడు, కోడలు వంగింది, ఫొటోగ్రాఫర్ కూడా కెమెరా మెడలో వేసుకుని వంగాడు. ఆవిడ అందర్నీ విదిలించి, తనే గోటితో తిప్పి బిగించింది. అప్పుడు ఏదో అంది. పక్కనున్నవాణ్ణి అడిగితే "బువ్వ తిన్నావా" అని చెప్పాడు.

రాత్రి విందులో 'యామ్ సెంగ్' అని అరిచి గ్లాసులెత్తుతారు, ఎవరూ నాకు ముందు చెప్పలేదు. 'యా...' అని మొదలెట్టి ఊపిరి ఉన్నంతసేపూ లాగాలి. అచ్చం కబడ్డీ కూత. మా టేబుల్లో నేనే చివర ఆగాను. ఆఖర్న తీపికి ఎర్ర చిక్కుడు గింజల పాయసంలో తామర గింజలూ లిల్లీ దుంప రేకులూ తేలుతుంటే ఈసారి నేనే పక్కవాళ్ళకి చెప్పబోయాను. లిల్లీ 'బైహ', అందులో 'బై' అంటే వంద, 'హ' అంటే కలిసి ఉండటం, నూరేళ్ళు కలిసి ఉండమని, అని. టేబుల్లో ఉన్న ఐదుగురు చైనీస్ కుర్రాళ్ళూ ఫోన్లు తీసి నిజమేనా అని చూసుకున్నారు.

188 ఎర్ర కవర్లో పెట్టాను. మా ఆవిడ మామిడిపండు రంగు పట్టుచీరకి పదిమందైనా ఫొటోలు అడిగారు.

గడియారం మా హాల్లోనే కొట్టాం. మొన్న ఆదివారం కొత్త దంపతుల్ని భోజనానికి పిలిచాం. పన్నెండింటికి అది సంగీతం మొదలెట్టగానే మావాడు తలెత్తి, "భలే ఉందే, ఎక్కడ కొన్నావ్?" అన్నాడు. దాచడమెందుకని జరిగిందంతా చెప్పాను. మొగుడూ పెళ్ళాం పడీ పడీ నవ్వారు. "ఇంత ఆలోచించావా! దానికో ఉపాయం ఉంది, ఊరికే పుచ్చుకుంటేనే తప్పు, కొనుక్కుంటే తప్పు లేదు" అని జేబులోంచి డాలర్ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని ఎక్కి గడియారం దించుకున్నాడు.

ఒక్క డాలర్ బేసి కదా అని మా ఆవిడ రెండోది కూడా అడిగి పుచ్చుకుంది.